మూడో పోస్టులో నీళ్లు

మార్చి మొదటి వారం. ఉదయం ఆరుకు ముందే కాపలా డ్యూటీకి మూడో పోస్టుకు చేరాను. పామిడికి పడమరగా, పెన్న కనిపించనంత దూరంలో ఉన్న మిట్ట అది. ఎర్ర గరుసు నేల. నీడనిచ్చే చెట్టు లేదు. కంచె లోపల కనుచూపు మేర సోలార్ పలకలు, కవాతుకు నిలబెట్టినట్టు వరుస మీద వరుస, అన్నీ ఒకే వాలులో. పోస్టు అంటే రేకుల గది, అందులో ఇనుప కుర్చీ. నాకిచ్చిన సామాను లాఠీ, టార్చి, టోపీ, వాకీటాకీ. నేను తెచ్చుకున్నది లీటరు నీళ్ల సీసా. ఉత్తర్వు చిన్నది. రాగి తీగల దొంగలు కంచె దాటకూడదు. డ్యూటీ దిగేదాకా, అంటే మధ్యాహ్నం రెండు వరకు, పోస్టు ఖాళీగా ఉండకూడదు.

నేను సైన్యం నుంచి హవల్దారుగా రిటైరయ్యాను. రాజస్థాన్ ఇసుకలో చేశాను, లడఖ్ మంచులో చేశాను. ఊళ్లో వాళ్లు వాటి గురించే అడుగుతారు. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఈ మిట్ట మీది డ్యూటీ. అక్కడ నన్ను కింద పడేసింది ఏడు మిల్లీమీటర్ల రాయి.

ఆ నేలలో సగం ఒకప్పుడు మాది. వేరుశనగ ఏటా ఎండింది. నాయన బోరు తర్వాత బోరు వేయించాడు. దుమ్ము లేచింది గానీ నీళ్లు లేవలేదు. ఆ అప్పులకు నేల పోయింది. పోస్టు వెనకే మా పాత బావి, ఎండిపోయి ఉంది. దాని పక్కన రాతి తొట్టి ఇంకా అక్కడే ఉంది. తాత కాలంలో దారిన పోయేవాళ్లకూ గొర్రెలు కాసేవాళ్లకూ అక్కడ నీళ్లు తోడి పోసేవాళ్లు. దానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నీళ్లు పోసినవాడు వెంటనే మొహం పక్కకు తిప్పుకోవాలి. దాహంతో ఉన్న మనిషి గటగటా తాగుతుంటే చూడకూడదు, అతనికి సిగ్గు అనేవాడు తాత. ఇంటి మగవాళ్లకు ఇంకొక పద్ధతి. బయట ఎవరినీ నీళ్లు అడగకూడదు. "మనం పోసేటోళ్లమే గానీ అడిగేటోళ్లం కాదురా" అని నాయన, సెంటు భూమి లేకుండా పోయాక కూడా అంటుండేవాడు. మాకు మిగిలిన ఆస్తి ఆ మాటే. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. నీళ్లు పొదుపుగా వాడడం సైన్యంలోనూ నేర్పారు. లీటరుతో డ్యూటీ మొత్తం గడపడం నాకు గొప్పగానే ఉండేది.

నీళ్లు లేని చోటు కాదది. పలకల మీద దుమ్ము కడగడానికి రోజూ ట్యాంకరు వచ్చేది. కడిగేది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. వాళ్ల మేస్త్రి కూడా ఆడమనిషే, అరవై దాటింది. పొద్దున్నే తాగే నీళ్ల కడవను తెచ్చి మా తొట్టి అంచు మీద, తడిగుడ్డ చుట్టి పెట్టేది. నాకూ దానికీ మధ్య పది అడుగులు. కంట్రోల్ రూంలో మంచినీళ్ల క్యాను కూడా ఉండేది. ఒకటి పంపిస్తానని ఆపరేటరు రేడియోలో అడిగితే, అక్కర్లేదు, ఉన్నాయి అన్నాను. రెండోసారి అడగలేదు.

ఏప్రిల్‌లో ఎండ నలభై రెండుకు చేరింది. మూత్రం ముదురు పసుపు రంగులో పోయేది. లెక్క చేయలేదు. ఒకరోజు పదిన్నర ప్రాంతంలో నడుముకు ఎడమ పక్కన నొప్పి పుట్టింది. పక్కటెముక కింద మొదలై, పొత్తికడుపు మీదుగా గజ్జల్లోకి దిగింది. కూర్చున్నా నిలబడ్డా ఒకటే. గది వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. అరగంటకు తగ్గింది. లాఠీ తీసుకుని కంచె వెంట ఒక చుట్టు తిరిగి వచ్చాను.

విన్నవాళ్లంతా అది కిడ్నీ రాయి నొప్పే అన్నారు. రాళ్లున్న మనిషి దొరికితే మందు చెప్పని వాళ్లుండరు. ఇంట్లో నా భార్య ఉలవకట్టు కాచింది. అన్న కొండపిండి ఆకు కోసి పంపాడు, కూర వండుకుని తినమని. పక్కింటాయన అరటి దూట రసం అన్నాడు. ట్యాంకరు డ్రైవరు మడకశిర మనిషి, సగం కన్నడంలో మాట్లాడేవాడు. అతని వైద్యం అందరికీ వినబడేలా రేడియోలో వచ్చింది.

"అన్నా, రెండు బీర్లు కొట్టు. రాయి దానంతట అదే పడతాది. మా మామకు అట్లే పడింది."

"రాయి పడిందా, మీ మామ పడినాడా?" అన్నాడు ఆపరేటరు.

నవ్వాను. నవ్వితే కూడా నొప్పి వేసింది.

సెలవు రోజున అనంతపురం వెళ్లి స్కానింగు తీయించుకున్నాను. ఎడమ మూత్రనాళంలో ఏడు మిల్లీమీటర్ల రాయి, దాని పైన కిడ్నీ కొద్దిగా ఉబ్బింది. డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. నాకు నచ్చాడు. చిన్న రాళ్లయితే చాలావరకు వాటంతటవే పోతాయి, ఏడంటే చెప్పలేను అన్నాడు. నాళాన్ని వదులు చేసే మాత్ర ఇచ్చి కొన్ని వారాలు చూడవచ్చు. లేదా బయటి నుంచి తరంగాలతో కొట్టి పగలగొట్టవచ్చు, ఒక్కసారికే పోతుందని మాట ఇవ్వలేడు. లేదా మూత్రం వచ్చే దారినే సన్నని గొట్టం పంపి లేజరుతో పొడి చేయవచ్చు, కోత ఉండదు గానీ కొన్నాళ్లు లోపల స్టెంటు, అంటే మూత్రం దిగడానికి వదిలే సన్నని గొట్టం, మోయాలి. నేను మొదటిది ఎంచుకున్నాను. కాంట్రాక్టు వానల దాకా ఉంది. మధ్యలో పడుకోవడం నాకు ఇష్టం లేదు.

ఉలవకట్టు, కొండపిండి సంగతి అడిగాను. తింటే తినండి, పెద్దగా చెడేదేమీ లేదు, కానీ వాటిని నమ్ముకుని నీళ్లు మానొద్దు అన్నాడు. బీరు మాత్రం వద్దన్నాడు. రోజుకు మూడు లీటర్లు తాగాలి, ఈ ఎండలో ఇంకా ఎక్కువ, ఉప్పు తగ్గించాలి. చివరి మాట లేచి నిలబడి చెప్పాడు. "జ్వరం వస్తే మాత్రం ఆ పూటే రండి. అడ్డుపడిన కిడ్నీలో చీము పడితే, కిడ్నీ మనకు మిగలదు."

మందు అర్థమైంది. మూడు లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే మిగిలింది. రెండో సీసా భుజాన వేసుకుంటే సరిపోయేది. అలా వెళ్తే, ఇతను రోగిష్టివాడు అని గేటు దగ్గరే తెలిసిపోతుంది అనుకున్నాను. ఉదయం ఇంట్లో కడుపునిండా తాగి, రాత్రికి మిగిలినది తాగేవాడిని. మధ్యలోని ఎండ మొత్తానికి ఆ లీటరే. డ్యూటీకి కూడా ఒక చెంబుడు ఉలవకట్టు తీసుకుపోయేవాడిని. అది మందు కాబట్టి పట్టుకుపోవడానికి నామోషీ అనిపించలేదు. నీళ్లు మోయడానికే అనిపించింది. నా భార్య అది చూసి, "ఉలవకట్టు తాగితే సాలదు, నీళ్లు తాగల్ల" అనేది. తాగుతున్నానని చెప్పేవాడిని.

నెలాఖరులో ఒకరోజు ఎండ నలభై మూడు. పదకొండుకే సీసా ఖాళీ. నొప్పి పొద్దుటి నుంచీ ఉంది. తర్వాత వణుకు మొదలైంది. కుర్చీ కాళ్లు నేల మీద టకటకమన్నాయి. రేకు వేడికి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, నాకేమో పళ్లు కొట్టుకుంటున్నాయి. డాక్టరు చెప్పింది ఇదేనని తెలుసు. రేడియో చేతిలోనే ఉంది. నొక్కలేదు. రెండు గంటలకు ఎలాగూ డ్యూటీ దిగుతాను కదా అనుకున్నాను.

మేస్త్రి పలకల వరుసలోంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమప్పా, ఇంత ఎండలో చలి పెడతాండాదా నీకు?"

ఏమీ లేదన్నాను.

"నీళ్లు పోస్తా, తాగు."

"వద్దు. ఉండాయి."

ఆమె లోపలికి వచ్చి నా సీసా ఎత్తి తలకిందులు చేసింది. చుక్క రాలలేదు. గొంతు పెంచలేదు.

"మా యత్త ఈ తొట్టికాడ మీ తాత చేతి నీళ్లు ఎన్ని తూర్లు తాగిందో. ఎండాకాలమంతా తాగేదంట. తాగినందుకు మేమేమన్నా తక్కువైపోతిమా? అట్లయితే చెప్పు, నేను పోతా."

ఔను అంటే తాత చేసిన పని అంతా ఎదుటివాళ్లను తగ్గించడానికే చేసినట్టు. కాదు అంటే తాగాలి. లేవలేక కుర్చీలోనే ఉండి, "నీళ్లు పొయ్యి" అన్నాను. బుద్ధెరిగాక బయటి మనిషిని నీళ్లు అడగడం నాకు అదే మొదలు. కడవ తెచ్చి పెద్ద గ్లాసు నింపి చేతికిచ్చింది. తాగాను. మళ్లీ నింపింది. ఆ తర్వాత రేడియో నొక్కాను.

"కంట్రోల్, మూడో పోస్టు. జ్వరం వచ్చింది. ఆస్పత్రికి పోవల్ల. బండి కావల్ల."

ఆపరేటరుకు నమ్మకం కుదరలేదు. "సార్, మాట్లాడేది నువ్వేనా?"

"నేనే. పోస్టుకు మనిషిని పంపు."

మేస్త్రి నా వైపు వంగి రేడియోలోకే చెప్పింది. "మనిషి వచ్చేదాకా మేం చూస్తాంలే. ఇంతమంది ఆడోళ్లం ఉండాం. దొంగ వస్తే తడిగుడ్డతో కడిగి పంపిస్తాం."

ట్యాంకరులోనే అనంతపురం చేర్చాడు డ్రైవరు. దారిలో బీరు మాట ఎత్తలేదు. కిడ్నీలో చీము మొదలైంది. ఆ సాయంత్రమే స్టెంటు వేసి, లోపల ఆగిపోయిన మూత్రం, చీము కిందికి దించారు. చీము ఉండగా రాయిని ముట్టరట. జ్వరం పూర్తిగా పోయి, మందుల కోర్సు ముగిశాక లేజరుతో పొడి చేశారు. స్టెంటు ఉన్నన్నాళ్లూ మూత్రానికి వెళ్తే మంట, నడిస్తే లోపల గీరుకున్నట్టు. లడఖ్‌లో వేళ్లు మొద్దుబారినప్పుడు కూడా అంత చిరాకు పడలేదు. స్టెంటు తీసిన రోజు డాక్టరు కొత్త స్కాను చూపించాడు. ఎడమ కిడ్నీ వాపు తగ్గింది, పని చేస్తోంది. ఒకసారి రాయి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, నీళ్లు మీ చేతుల్లో ఉన్నాయి అన్నాడు.

జూన్ చివర్లో మూడో పోస్టుకు తిరిగి వెళ్లాను. రెండు సీసాలు, రెండూ గేటు దగ్గర అందరికీ కనిపించేలా భుజాన. పదకొండుకు అవి అయిపోతే తొట్టి దగ్గరకు నడిచి కడవలోంచి నింపుకునేవాడిని. మొదటి రోజు నుంచే అడిగి నింపుకున్నాను. అడగకుండా తీసుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. ఆలస్యంగా వచ్చిన తొలి వానకు పలకలు వాటంతటవే కడుక్కున్నాయి. ఆడవాళ్ల పని తగ్గింది, నా కాంట్రాక్టూ ముగిసింది. రేడియో, టార్చి, లాఠీ అప్పగించి బస్సెక్కి ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఉదయం లేవగానే రాగి చెంబుతో నీళ్లు తాగుతాను. తాగిన ప్రతిసారీ ఆ రోజే కళ్ల ముందుకు వస్తుంది. నొప్పి గుర్తు రాదు, వణుకు గుర్తు రాదు. గ్లాసు నా చేతికిచ్చిన వెంటనే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఎవరు నేర్పారో నేను అడగలేదు. కడవ మోసి తడిసిన భుజం నా వైపు, చూపు ఎండలో మెరుస్తున్న పలకల వైపు. నేను తాగడం అయ్యేదాకా అలాగే నిలబడింది.