పెద్దమ్మ దారిలో ఆ వంపు

పెద్దమ్మ పోయిందన్న కబురు ఆదివారం పొద్దున, టైరులో గాలి కొట్టుకుంటుండగా, మా సైకిల్ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది ఆమె కొడుకు. మేమంతా అన్న అని పిలుస్తాం. "అమ్మ పోయింది. నిద్రలనే పోయింది. మీరు ఇయ్యాల గుట్టకు వస్తరేమో, చేను కాడ ఆమె కోసం సూడకుండ్రి" అని రాశాడు. ఎవరేం పెట్టినా చదవకుండానే బొటనవేలు లేపే గ్రూపు అది. ఆ రోజు ఒక్క వేలూ లేవలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. మా దారికి యజమానురాలు. కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ దారి గొప్పతనం మా నలుగురికి తప్ప ప్రపంచానికి ఇంకా సరిగ్గా తెలియలేదు.

మాది వనపర్తి. చదువులు పూర్తయ్యాయి, ఉద్యోగాలు పూర్తిగా మొదలు కాలేదు. ఆ సందులో గేరు సైకిళ్ళు వచ్చి పడ్డాయి. ఆదివారం వస్తే ఖిల్లా ఘణపూర్ వైపు గుట్టలెక్కి దిగుతాం. గుట్టలనగానే జడుసుకోకండి. చాలా మర్యాదగల గుట్టలు. మనిషికి పూర్తిగా ఆయాసం రాకముందే అయిపోతాయి. ఎర్రమట్టి, గుండ్రాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య గొర్రెలు ఏళ్ళ తరబడి నడిచి వేసిన సన్నటి బాట. ఆ బాటను మేమే కనిపెట్టామని ప్రకటించుకున్నాం. గొర్రెలు అభ్యంతరం చెప్పలేదు. మలుపు మలుపుకీ పేర్లు పెట్టాం: పళ్ళికిలింపు, బాలరాజు పడిన చోటు, బాలరాజు మళ్ళీ పడిన చోటు. చివరి దిగుడు పెద్దమ్మ చేన్లోకి దిగి, చేను నడుమ నుంచి దాటి, అవతల ఊరి రోడ్డెక్కుతుంది.

మొదటిసారి అక్కడికి జర్రున దిగేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో కొడవలి, కాళ్ళ దగ్గర గడ్డిమోపు.

"ఆగుండ్రి. ఎవలు బిడ్డా మీరు? నెత్తి మీద ఆ సొరబుర్రలేంది?"

"హెల్మెట్లు పెద్దమ్మా," అన్నాను. "పడితే తలకు దెబ్బ తాకకుండ."

"పడకుండ తొక్కుడు రాదా?"

బాలరాజు మోచేతికంటిన మట్టి దులుపుకుని నా వెనక్కి జరిగాడు.

"గుట్ట మీద ఏం పనుండె?"

"పనేం లేదు. ఎక్కి, దిగుతం."

"దిగుటానికా ఎక్కింది? కిందనే ఉంటిరి గద!"

నాలుగు డిగ్రీలున్న మేము నలుగురం హెల్మెట్లు సర్దుకున్నాం. ఆమే జాలిపడి చెంబుతో నీళ్ళు పోసి, "ఇంత ఓపికుంటే జర బీచుపల్లి దాక తొక్కుండ్రి. తిరిగినట్టూ ఉంటది, హనుమంతునికి మొక్కినట్టూ ఉంటది" అని మా వ్యాయామానికి ఒక ప్రయోజనం వెతికిపెట్టింది.

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె గట్టు దగ్గరే ఆగేవి. వంట్లో ఎలా ఉందని అడిగేది కాదు, నేరుగా మోకాళ్ళు చూసేది. కొత్త గీరుడు కనబడితే, "గుట్ట గెలిచిందా ఈ వారం?" అనేది. ఎవడైనా వెనకబడితే వాడు దిగి వచ్చేదాకా మమ్మల్ని కదలనిచ్చేది కాదు. "ఒక్కన్ని ఇడిసి వస్తరా? మీకన్న గొర్లు నయం" అని నా మొహం మీదే తీర్పు చెప్పింది. అప్పీలు లేని కోర్టు అది.

ఇక దారి సంగతి. మా దిక్కు మెట్ట చేన్ల మీది దారులు కాగితాల్లో ఉండవు. ఎండాకాలమంతా జనం నడిచి నడిచి దారి గట్టిపడుతుంది. వాన పడగానే చేనుతో పాటు దారినీ దున్నేస్తారు. మొదటి ఏడు ఆ దున్నిన చేనును చూసి మా దారి పోయిందనుకుని సైకిళ్ళు వెనక్కి తిప్పబోయాం. పెద్దమ్మ నవ్వింది. కంది విత్తనం పడ్డ మర్నాడు చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మెత్తటి మట్టిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. వెనక ఒకే గీత పడింది.

"గీత సూపకుంటే జనం చేనంత తొక్కుతరు. సూపితే దాని మీదనే పోతరు," అంది. "దున్నితే దారి సావదు బిడ్డా. నడవకుంటే సస్తది."

మేము ఉత్సాహంగా సైకిళ్ళెక్కబోయాం. "ఏయ్! మట్టి గట్టిపడేదాక ఎక్కొద్దు, చక్రం దిగితే ఇత్తు చెడుతది. ఇన్ని దినాలు బండి మిమ్మల్ని మోసింది గద, ఇప్పుడు మీరు దాన్ని మొయ్యుండ్రి." అలా ప్రతి ఏడూ మొలకలు వచ్చేదాకా మేము సైకిళ్ళను భుజాన వేసుకుని, దేవుని పల్లకీ మోసేవాళ్ళలా, ఆమె గీత మీద వరుసగా నడిచేవాళ్ళం. అదే గీత మీద ఎదురుగా కూలికి పోయే ఆడవాళ్ళు వచ్చేవారు. మమ్మల్ని చూసి నవ్వు ఆపుకోవడానికి కొంగులు నోట్లో కుక్కుకునేవారు.

ఆ గీత నేరుగా ఉండేది కాదు. నడుమ ఒక చోట ఊరికే పక్కకు వంగి, మళ్ళీ దారిలోకి వచ్చేది. వేగంగా దాటాలనుకునే బాలరాజుకు ఆ వంపంటే మంట.

"ఈడ వంపెందుకు పెద్దమ్మా? సీదా పోతే అయిపోతది గద."

"మోదుగ చెట్టుంది గద."

మేము నలుగురం చూశాం. కందిచేను తప్ప ఏమీ లేదు. "యాడుంది?"

"ఉండె. గాలికి పడ్డది శానా దినాలాయె. కాళ్ళకు ఆ సంగతి ఇంక తెల్వదు."

ఆమె మేలుకు బదులుగా మేము ఒకసారి సేవ చేశాం. గుట్ట కింది నుంచి రోడ్డు దాకా రాళ్ళ మీద ఎర్ర రంగుతో బాణాలు గీశాం, కొత్తగా వచ్చే సైకిళ్ళ వాళ్ళు చేను తొక్కకూడదని. తెల్లారేసరికి ఊరు ఊరంతా ఆమె గట్టు మీదుంది. మా పాలమూరు దిక్కు రాయికి ఎర్ర రంగు పడిందంటే సర్కారు కాలువకు కొలతలు తీసినట్టు, భూమి పోయినట్టు. ఆ ఇంగితం మా డిగ్రీల్లో ఎక్కడా రాలేదు. మేము పోయేసరికి ఒకాయన తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. పెద్దమ్మ మమ్మల్ని ముందుకు నిలబెట్టి, "పరేషాన్ గాకుండ్రి. సర్కారోళ్ళు గాదు, పని లేనోళ్ళు" అని మా హోదాను ఊరికి అధికారికంగా ప్రకటించింది. ఆ పూటంతా రాళ్ళు కడిగాం.

రాళ్ళు కడుగుతుంటేనే అడిగాను, మాకోసం ఇంత ఎందుకు పెద్దమ్మా అని.

"మీకోసమా?" అని మెటికలు విరిచింది. "పెండ్లయిన కొత్తల బొంబాయి దిక్కు మట్టి పనికి పోతిమి. తిరిగొచ్చేటాల్లకు ఈ చేను ఆసామి దారి దున్ని, అడ్డంగ ముండ్లకంప కొట్టిండు. సంకల పిల్లగాడు. వానికి జెరం. కంపెట్ల దాటుదు? గుట్ట సుట్టు తిరిగి ఇల్లు జేరితిమి. తర్వాత ఈ చేనే కొంటిమి. కొన్నంక మొదలు జేసిన పని, కంప పీకేసుడు."

సంకలో ఉన్న ఆ పిల్లగాడే ఈ అన్న.

పదో దినం భోజనాలకు పోయాం. ఆమె గట్టు మీద ఆమె లేదు. అంత ఖాళీ గట్టు నేనెప్పుడూ చూడలేదు. అన్న మా పక్కనే కూచుని, విస్తరిలోకి చూస్తూ చెప్పాడు. "తమ్మీ, అమ్మ ఉన్నన్ని దినాలు సాగింది. బాలరాజు ఈ దారి వీడియోలు ఫోన్ల పెట్టినంక ఎవరెవరో వస్తుండ్రు. పోయినేడు మొలకల మీదికెల్లి తొక్కిండ్రు. నేనొక్కన్ని, రోజు కావలి కూసుండలేను. ఈ ఏడు రెండు దిక్కుల కంప కొడ్త. ఏమనుకోకుండ్రి."

అతను అబద్ధం చెప్పలేదు. కంప కొడితే మాకు పోయేది ఒక ఆదివారం సరదా. కూలికి పోయే ఆడవాళ్ళకు మాత్రం గుట్ట చుట్టూ నడక. సంకలోని పిల్లగాడి మాట నా నాలుక దాకా వచ్చింది. తల్లి పోయిన ఇంట్లో కూచుని, ఆమె అన్నం తింటూ, కొడుకుకు ఆమె మాటలు అప్పజెప్పే హక్కు నాకెక్కడిది? ఆ మాటను అన్నం ముద్దతో పాటు మింగేశాను. బాలరాజు ఆ రాత్రే వీడియోలు తీసేశాడు.

వానలు పడ్డాయి. విత్తనం పడిందని తెలిసిన ఆదివారం గుట్టెక్కాం. ఆ రోజు బాలరాజు కూడా పడలేదు. చివరి దిగుడులో బ్రేకులు నొక్కుతూ, కంప కనబడుతుందేమోనని భయంభయంగా దిగాం.

కంప ఉంది. నరికిన తుమ్మకొమ్మలు గట్టు పక్కన కుప్పగా ఉన్నాయి. కానీ దారికి అడ్డంగా లేవు. తడి ఎర్రమట్టిలో ఒక అడుగుల వరుస గట్టు నుంచి బయలుదేరింది. పెద్దమ్మ అడుగులంత చిన్నవి కావు. వెడల్పాటి మగ పాదాలు. పోయినవీ వచ్చినవీ ఒకదాని మీద ఒకటి పడి గీతగా మారాయి. అవతలి గట్టు మీద అన్న, మోకాళ్ళ దాకా మట్టితో, బీడీ ముట్టించుకుంటున్నాడు.

"ఏం సూస్తుండ్రు? బండ్లు ఎత్తుండ్రి!" అని అరిచాడు. "గీత దాటిన్రంటే కాళ్ళిరుగుతయ్!"

ఎత్తాం. బాలరాజు ముందు, మేము వెనక. చేను నడుమకు రాగానే అన్న అడుగులు ఊరికే పక్కకు వంగి, మళ్ళీ దారిలోకి వచ్చాయి. అక్కడికి వచ్చేసరికి, ఆ వంపును ఇన్నేళ్ళు తిట్టిన బాలరాజు, ఏదో కొమ్మ తగులుతుందేమో అన్నట్టు, భుజం మీది సైకిల్‌ను కొంచెం కిందికి వంచి దాటాడు.