పావలాకి పెట్టిన మెరుగు

మొన్న రిసాలిలో మా పక్కింటాయన అల్లుడు తన పాత నాణేల పెట్టె తెచ్చి చూపించాడు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి ఉంది, వేలితో తాకే వీలే లేదు. ఏది ఏడాదిలో ఎంత పెరిగిందో ఫోనులో గీతలు చూపిస్తూ, బంగారం కన్నా ఇదే నయమండీ అన్నాడు. నేను మాత్రం ఆ డబ్బీల్లో పావలా ఏదైనా ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాను. అరవై ఏళ్లనాటి తప్పు మనిషిని ఇంకా ఇలా పట్టుకుంటుందని నా వయసువాళ్లకి వేరే చెప్పాలా!

విజయనగరం నుంచి ఈ ఉక్కు ప్లాంటు ఊరికి వచ్చి సెక్టర్ ఆరులో అన్నయ్య క్వార్టర్‌లో చేరేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. ప్లాంటులో అన్నయ్యది రైలుపట్టాల మిల్లు, నేను మెషిన్ షాపులో అప్రెంటిస్‌ని. అన్నయ్యకి పాత నాణేలంటే పిచ్చి. సంతలో ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ల మెడలోని రూపాయల దండలకేసి అలా చూస్తూ నిలబడిపోతే, ఎక్కడ తన్నులు తింటాడోనని నాకు హడలు. కొనడమే గాని అమ్మడం ఎరగడు. అలా దొరికిందే రాణి బొమ్మ వెండి పావలా, చింతగింజలా నల్లగా ఉండేది. రాయపూర్ నాణేల వ్యాపారి ఒకాయన దాన్ని చూసి, ఆ ఏడాది ముద్రించినవి చాలా అరుదు, ఆదివారం వస్తాను, ఇస్తే కొత్త కుట్టుమిషన్ వచ్చేంత ఇస్తానని వదిన వింటుండగా అనిపోయాడు.

అంతే, ఇంట్లో నిప్పు రాజుకుంది. వదినకి కుట్టుపని వచ్చు, మిషనే లేదు. "ఆ బిల్లలేటి మనకి కూడెడతాయా?" అంటుంది వదిన, అన్నయ్య సైకిలెక్కి షిఫ్టుకి పోతాడు. రెండు గదుల క్వార్టర్‌లో మూడు రోజులు ఒకరితో ఒకరికి మాటల్లేవు, కంచం పెట్టానని చెప్పడానికి కూడా మధ్యలో నేనే. చివరికి శుక్రవారం అన్నయ్య, ఆ ఒక్కటీ ఇచ్చేస్తాను పో అన్నాడు.

ఇక్కడే నా తెలివి వెలిగింది. తళతళలాడని పని ఇన్‌స్పెక్షన్‌లో నిలవదని మా షాపులో రోజూ చెప్పేవారు. మెరిస్తే పావలాకి ఇంకా ఎక్కువే ఇస్తాడు, మిషన్ పోగా అన్నయ్యకి మరో నాణెం కూడా వస్తుందనుకున్నాను. శనివారం ఎవరికీ చెప్పకుండా షాపుకి పట్టుకెళ్లి, పాలిష్ చక్రం మీద పెట్టి అద్దంలా చేశాను. తిరిగొస్తుంటే గేటు దగ్గర సోదా. మెరిసే లోహం ఏది దొరికినా ప్లాంటు సరుకే అంటారు, ఉద్యోగం ఊడినట్టే! పావలాని బుగ్గన పెట్టుకున్నాను. గార్డు పేరు అడిగాడు. పంటి నొప్పన్నట్టు దవడ పట్టుకుని మూలిగాను. "జా, జా" అని వదిలేశాడు.

ఆదివారం వ్యాపారి భూతద్దం పెట్టి చూశాడు. "అరే భయ్యా, ఇసే కిస్‌నే ఘిస్ దియా?" అన్నాడు, దీన్నెవరు అరగదీశారని. రాణి చెంప అరిగిపోయింది, ఏడాది అంకెలు కనబడటం లేదు. ఆ నలుపు ఉంటేనే విలువట, రుద్దేశాక మిగిలేది వెండి తూకమేనట. అన్నయ్య నా గోళ్లలోని పాలిష్ మసాలా వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత వ్యాపారి వైపు తిరిగి "మైనే" అన్నాడు, నేనే అని.

వదిన నమ్మింది. అమ్మడం ఇష్టంలేక కావాలనే పాడుచేశాడని నమ్మింది. "ఇవ్వనంటే సరిపోను కదా, ఇంత పని చేస్తారేటి!" అని ఏడ్చింది. నేనేనని చెప్పాలి. ఛీ, చెప్పలేదు. ఇంట్లోంచి పొమ్మంటే ఎక్కడికి పోనని భయం. ఆ తర్వాత అన్నయ్య నాణేల కోసం సంతకి వెళ్లనే లేదు, వదిన ఆయన్ని నోరు తెరిచి ఏదీ అడగలేదు.

ఇప్పుడు నాణేన్ని రుద్దకూడదని పసివాడికి కూడా తెలుసు, ఫోను అడిగితే చెబుతుంది. షిఫ్టు వేళ సైకిళ్ల బారులూ లేవు, అన్నయ్యా లేడు. వదిన మాత్రం ఈ ఊళ్లోనే మరోదా అనే పేటలో కూతురి దగ్గర ఉంది, వెళ్లినప్పుడల్లా టీ ఇస్తుంది. "మీ అన్న మంచోడే బాబూ, ఆ పావలా దగ్గరే నాకు అన్యాయం చేసీసేడు" అంటుంది. నేను టీ తాగుతూ, అవును వదినా అంటాను.