వదిన కంప్యూటర్ పలికే సాయంత్రాలు

మా వదిన ప్రూఫులు చూస్తుంది. బడి పుస్తకాలు అచ్చువేసే కంపెనీలో పదమూడేళ్ళుగా అదే పని, అందులో నాలుగేళ్ళు ఇంట్లో కూర్చునే. తప్పు పట్టడంలో ఆమెది డేగకన్ను. తన పెళ్ళి శుభలేఖలోనే రెండు తప్పులు చూపించి మరీ మా ఇంట్లో కాలుపెట్టింది.

అలాంటి మనిషికి ఉపసంపాదకురాలి ఉద్యోగం ఎప్పుడో రావలసింది. దానికి కంపెనీ ఒక పరీక్ష పెడుతుంది. నిరుడు తప్పింది. నలభై దాటితే రాయనివ్వరు గనక ఈ ఏడాదే ఆఖరు. తొమ్మిది నుంచి అయిదు దాకా ప్రూఫులు, ఆరు నుంచి ఎనిమిది దాకా చదువు అనుకుంది. ఆ రెండు గంటలే సూపర్‌వైజరు పాలబడ్డాయి.

ఆరుంపావుకి ఫోను మోగేది. "మీరు సిస్టం దగ్గరే ఉన్నారుగా, ఓ పది పేజీలు చూసి పంపేయండి."

సిస్టం దగ్గరున్నది మా నాన్న. రిటైరైన ఫిట్టరు. సాయంత్రమైతే వదిన పనిచేసే ఆ కంప్యూటర్‌తో చదరంగం ఆడి ఓడిపోవడం ఆయన దినచర్య. దాన్ని వెయ్యగానే ఆఫీసు నెట్‌వర్క్ దానంతటదే తగులుకుంటుంది. అక్కణ్ణుంచి సూపర్‌వైజరు పింగ్ కొడతాడు. పింగ్ అంటే వీధిలో నిలబడి "ఉన్నావా" అని కేకేయడం. ఎదుట ఎవరు కూర్చున్నా కంప్యూటర్ "ఉన్నాను" అనేస్తుంది.

"ఆడుకుంటున్నది మా మామయ్యగారండీ" అని వదిన చెప్పి చూసింది.

"ఆయన్ని ఆడుకోనివ్వండి, కాసేపు లేచి మీకిస్తారు" అన్నాడతను.

ఓ ఆదివారం నన్ను పిలిచి, "దీని నోరు మూయించాలి" అంది. ఆమె ముందుగదిలో ఫైర్‌వాల్ సరిచేస్తుంటే నేను వంటగదిలో లాప్‌టాప్ పెట్టుకుని పింగ్ కొట్టాలి. ఫైర్‌వాల్ కంప్యూటర్‌కి కాపలాదారు. ఎవరి కేక పట్టించుకోకూడదో దానికి నియమం రాసిపెట్టాలి.

"కొట్టు."

"పలుకుతోంది వదినా."

చూస్తే, లోపలికి వచ్చేవాటి జాబితాలో పెట్టాల్సిన నియమాన్ని బయటికి వెళ్ళేవాటి జాబితాలో పెట్టింది. మార్చింది.

"ఇప్పుడో?"

"నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ పలికింది."

"నీ లాప్‌టాపే కోతలు కోస్తోందేమో చూడు."

నాన్న పక్కన కుర్చీ వేసుకుని తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. "మీ ఆయన్ని పది కేకలేసినా పలకడు. వీడు గుసగుసకే పలుకుతున్నాడు. వీణ్ణొదిలేసి వాడి సంగతి చూడమ్మా."

"ఆయన్ని కన్నది మీరే కదా మామయ్యా, ఏ బటన్ నొక్కాలో చెప్పండి, చూస్తాను."

చివరికి తేలిందేమిటంటే, ఆ నియమం పబ్లిక్ నెట్‌వర్క్‌కి, అంటే బయటి చోట్ల వాడుకునేదానికి మాత్రమే వర్తిస్తుంది, మా ఇంటిది ప్రైవేట్. ఆ సంగతి మూడో తెరలో ఓ మూల చిన్న గడిలో ఉంది. కనిపెట్టేసరికి గంటన్నర పట్టింది. అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టాక కంప్యూటర్ మూగబోయింది. వదిన రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. ఆ పూట చదువు మాత్రం సాగలేదు.

మర్నాడు పదింటికి ఫోను. "పొద్దుటి నుంచి మీరు సీట్లో లేరు."

నిజమే, మూగది పగలు కూడా మూగదే. ఫలానా వేళకి పలుకు, ఫలానా వేళకి పలకకు అని చెప్పే గడి ఎంత వెతికినా దొరకలేదు. ఇక రోజూ పొద్దున నియమం తీసేయడం, సాయంత్రం పెట్టడం. గురువారం పొద్దున తీయడం మరిచిపోతే సగంపూట గైర్హాజరు పడింది. శుక్రవారం సాయంత్రం పెట్టడం మరిచిపోతే పన్నెండు పేజీలు వచ్చిపడ్డాయి. రెంటికీ చెడ్డ రేవడి బతుకైందని కసిరింది. ఎవరిని కసిరిందో మాకూ తెలియలేదు.

తర్వాతి సోమవారం నేను వెళ్ళేసరికి ఆ నియమాన్ని ఏకంగా చెరిపేసింది.

"అంత అవస్థపడి పెట్టుకున్నావు కదా వదినా?"

"పలకనీ. దానికేం తెలుసు, మిషను."

ఆరుంపావుకి ఫోను మోగింది.

"సిస్టం ఆన్‌లో ఉందండీ?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఉంది."

"మీరూ ఉన్నారు."

"నేనూ ఉన్నాను. పేజీలు రేపు తొమ్మిదికి చూస్తాను."

"అర్జెంటండీ."

"అయిదులోపు పంపి ఉంటే అర్జెంటుగానే చూసేదాన్ని. ఆరు దాటితే నేను పరీక్షకి చదువుకుంటాను."

"సరే, పైవాళ్ళకి చెప్తాను" అని పెట్టేశాడు. పరీక్ష పేపర్లు దిద్దేదీ ఆ పైవాళ్ళే.

వదిన పుస్తకం తెరిచింది. పావుగంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. ఫోను మళ్ళీ మోగింది.

నాన్న ఆట ఆపి, "నేనెత్తి ఏదో ఒకటి చెప్పనా?" అన్నాడు.

"వద్దు మామయ్యా. చెప్పేశాను కదా."

ఫోను దాని పాటికది మోగుతూనే ఉంది. వదిన పేజీ తిప్పింది.