తిరిగిచ్చిన లైన్

కాస్త దగ్గరికి జరగండి. ఆ గడప మీద వద్దు, ఈ చాప మీదికి రండి. గట్టిగా చెప్పలేను, పక్క గదిలో మా ఆయన పడుకుని ఉన్నాడు. ఆయనకు చెవులు బాగానే పనిచేస్తాయి, పోయింది నోరు. పక్షవాతం వచ్చి మాటలన్నీ పోయినప్పుడు ఆయన దగ్గర ఒక్క మాట మిగిలింది, అదీ ఇంగ్లీషు మాట. ఆ ఒక్కటీ ఎట్లా పోయిందో చెబుతాను.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. ఐదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. కండెలు చుట్టడం, నాయన నేసిన చీరలు మడత పెట్టడం, అదే నా చదువు. నన్ను ఆదోనికి ఇచ్చారు. ఆయన తాత కూడా నేతగాడేనట. ఈయన మాత్రం కరెంటు లైన్‌మ్యాన్ అయ్యాడు.

కొత్తలో ఆయన మాటలు నాకు సగం తెలిసేవి కావు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఈ దినం లోడు శానా ఎక్కువైపోయిందే" అన్నాడు. ఆదోనిలో లోడు అంటే పత్తి బేళ్ళ లారీ కదా. "ఎవరి లారీ?" అని అడిగాను. ఆయన అన్నది తీగెల మీద పడే కరెంటు వాడకం గురించి. నవ్వీ నవ్వీ ఆయనకు పొలమారింది. ఆ రోజు నుంచి మాకిద్దరికీ అదొక ఆట. ఏదైనా ఇంగ్లీషు మాట చెవిన పడితే, అది ఎవరి దగ్గర ఏమవుతుందో చూసేవాళ్ళం. బీము అంటే నేసే మా తమ్ముడికి పడుగు చుట్టేది, మేస్త్రీకి ఇంటి కప్పును మోసేది. ఛార్జి అంటే బస్సులో ఇచ్చేది, ఫోనుకు పెట్టేది, కొత్త ఆఫీసరు వచ్చి తీసుకునేది, మా ఆయనకైతే తీగెలోకి కరెంటు వదలడం.

అన్నిట్లోకీ పెద్ద మాట లైన్. ఆయనకు అది తీగె. చౌక బియ్యం అంగడి దగ్గర అది నిలబడే వరుస. మా తమ్ముడు చీరల మూట కట్టుకుని ఆస్పరి, కైరుప్పల వైపు ఊళ్ళు తిరిగితే, "లైనుకు పోయినాడు" అనేవాళ్ళు. కర్నూలు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా కూతురికి అది చేతికి గుచ్చి సెలైన్ ఎక్కించే గొట్టం. వీధి చివర కుర్రాళ్ళు ఆ మాట అన్నారంటే అది ఇంకో సంగతి, చెప్పక్కర్లేదు.

"ఏమప్పా, ఒక మాటకు ఇన్ని పనులుంటే ఆ ఇంగ్లీషోళ్ళు ఎట్లా బతుకుతాండారో!" అన్నాను ఒకసారి.

"కూలోళ్ళ మాదిరే. మిరప సేనికి పోతే కాయ కోస్తారు, పత్తి సేనికి పోతే పత్తి తీస్తారు. మనిషి ఒకడే గదా" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో! అట్లా మాట్లాడే మనిషండీ.

ఆయన పనిలో ఒక కట్టుబాటు ఉంది. అది తెలిస్తేనే మిగతాది తెలుస్తుంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి. అక్కడి ఆపరేటర్ ఆ ఊళ్ళకు కరెంటు ఆపుతాడు. పని అయిపోయి మనుషులు కిందికి దిగాక మళ్ళీ ఫోన్ చేసి, లైన్ తిరిగి ఇస్తున్నానని చెప్పాలి. తీసుకున్న మనిషే, తన నోటితోనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా ఆపరేటర్ కరెంటు వదలడు. పైన ఇంకా ఎవరైనా ఉంటే కాలిపోతారని ఆ జాగ్రత్త. "ఊరంతా తిట్టినా సరే, నా గొంతు వినందే వదలొద్దని సెప్పినా" అని గర్వంగా అనేవాడు.

ఆ రోజు చిప్పగిరి వైపు పోయాడు. పత్తి చేను గట్టున తీగె సరిచేసి కిందికి దిగి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అంతే, పడిపోయాడు. పక్క చేలో పత్తి తీస్తున్నవాళ్ళు ఆటోలో వేసుకుని ఆదోనికి తెచ్చారు. అక్కడి నుంచి కర్నూలు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ కాలూ పోయాయి, మాటా పోయింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు ఒక పొద్దున గంజి తాగిస్తుంటే పెదవులు కదిలాయి. "లైన్" అన్నాడు. నేను గిన్నె కింద పెట్టి ఏడ్చాను. ఇక అన్నిటికీ అదే మాట. మెల్లగా అంటే నీళ్ళు. చివర సాగదీస్తే నన్ను పిలుస్తున్నట్టు. పొట్టిగా, కసురుకున్నట్టు అంటే కూరలో ఉప్పు తక్కువ. కూతురు ఫోన్ చేస్తే ఆ ఒక్క మాటనే లాలిపాటలాగా అనేవాడు. "నాయనా, నాకూ లైనే!" అని అది అటు నుంచి నవ్వేది, నవ్వుతూ ఏడ్చేది. డాక్టర్లు ఇంకో మాట రాకపోవచ్చన్నారు. రాకపోతే పోనీ అనుకున్నాను. గొంతు ఉంది కదా ఇంట్లో.

అన్నీ తెలిశాయి గానీ ఒక్కటి తెలియలేదు. పొద్దుగూకి బల్బు వేయగానే ఆయన హడలిపోయేవాడు. బల్బు వైపు ఎడమ చెయ్యి చూపి, "లైన్! లైన్! లైన్!" అని ఒకటే అరుపు. ఒళ్ళంతా చెమట. ఆ చెయ్యే చెవి దగ్గర పెట్టుకునేవాడు. కూతురితో మాట్లాడాలేమో అని ఫోన్ కలిపిస్తే కాసేపు విని పక్కన పడేసేవాడు. "ఏం కావల్లప్పా? సెప్పు, తల ఊపు" అని బతిమాలేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మళ్ళీ బల్బు వైపే చెయ్యి చూపేవాడు. బల్బు ఆర్పేస్తే కొంచెం నిదానించేవాడు. అందుకని చీకట్లోనే తినిపించేదాన్ని.

"ఏమక్కా, కరెంటోళ్ళ ఇంట్లో సీకటేందే? బిల్లు కట్టల్యా?" అని ఎదురింటామె ఎకసెక్కంగా అనేది.

"మాకు సీకటే ముద్దులే" అనేదాన్ని. లోపల మాత్రం ఆయన ఏదో అడుగుతుంటే ఇవ్వలేకపోతున్నానని ఉండేది.

అట్లా ఉండగా ఒక సాయంత్రం సబ్‌స్టేషన్ ఆపరేటర్ వచ్చాడు. మా ఆయనతో రోజూ ఫోన్లో మాట్లాడిన మనిషి. ఇప్పుడు పత్తికొండ వైపు పనిచేస్తున్నాడు, సంచీడు టమోటాలు మోసుకొచ్చాడు. "ఏమన్నా, ఎక్కడం మానేసి పండుకున్యావే?" అని నవ్వించబోయాడు. మా ఆయన ఎడమ చేత్తో అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంతలో పొద్దుగూకింది. వచ్చిన మనిషిని చీకట్లో కూర్చోబెట్టలేక బల్బు వేశాను. మా ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. "లైన్! లైన్!" చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

అతను ఆ చెయ్యి వైపూ, బల్బు వైపూ మార్చి మార్చి చూశాడు.

"వదినా, ఆ పొద్దు అన్న లైన్ తిరిగి ఇయ్యలేదు. పత్తి తీసేటోళ్ళు ఫోన్ సేసి, అన్న పడిపోయినాడు, కరెంటు ఇడ్సుమన్నారు. నేను ఇడ్సలేదు. ఆఫీసరు పోయి కండ్లారా సూసినాకే ఇడ్సినాం. అన్నకు ఆ సంగతి తెలీదు. అన్న లెక్కలో తాను సెప్పకుండానే తీగెలో కరెంటు వచ్చినాది. పైన ఎవరో ఉన్నారని భయపడతాండాడు."

నన్ను బల్బు ఆర్పమని చెప్పి, అతను వాకిట్లోకి పోయి నా ఫోనుకు చేశాడు. నేను దాన్ని మా ఆయన చెవికి ఆనించాను.

"సబ్‌స్టేషన్. సెప్పన్నా."

"లైన్" అన్నాడు మా ఆయన. అట్లాంటి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అది పని గొంతు.

"మనుషులంతా దిగినారా?"

"లైన్."

"పైన ఎవ్వరూ లేరు గదన్నా?"

"లైన్."

"సరేనన్నా. తిరిగి తీసుకున్యా. ఛార్జి సేస్తాండా."

నేను బల్బు వేశాను. మా ఆయన దాని వైపు చూశాడు. హడలిపోలేదు. పెద్దగా ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు. వాకిట్లో ఆపరేటర్ ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడి ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఆ రోజు ఇంట్లో వెలుతురులో తిన్నాం.

మరుసటి పొద్దున గంజి తాగించాను. ఏమీ అనలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూశాడు. కూతురు ఫోన్ చేసి, "నాయనా, నాకు సెప్పవా?" అంటే పెదవులు కూడా కదపలేదు. అలసిపోయాడేమో అనుకున్నాను. మరునాడూ అంతే. తర్వాతా అంతే. ఆ మాటతో చెప్పాల్సింది చెప్పేశాడు, అప్పగించేశాడు. అన్ని నెలలూ నీళ్ళకు, ఉప్పుకు, నా పిలుపుకు నేను వాడుకున్నది ఆయన ఇంకొకరికి ఇవ్వాలని పట్టుకుని ఉన్న మాట.

ఆయనకు నెమ్మది దొరికింది. నేను కోరుకున్నదీ అదే. చక్కగా నిద్రపోతున్నాడు, తింటున్నాడు.

అయినా ఒక సంగతి చెబుతాను, నవ్వకండి. అప్పుడప్పుడు పొద్దుగూకే వేళ బల్బు వేస్తాను, ఆర్పుతాను, మళ్ళీ వేస్తాను. భయంతోనైనా సరే, ఒక్కసారి అంటాడేమోనని. ఆయన బల్బు వైపు చూస్తాడు. తర్వాత నా వైపు చూస్తాడు. నేనెందుకు ఆ పని చేస్తున్నానో ఆయనకు తెలుసు. ఎడమ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంటాడు. అంతే.

ఇక లేవండి, మీ ఇంట్లో మీకోసం ఎదురు చూస్తుంటారు. పొద్దుగూకినప్పుడు మీ ఇంట్లో దీపం వెలగాలి, ఆ వెలుతురులో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే గొంతు కూడా ఉండాలి. మీ ఇంటికి ఆ రెండూ కలిసి ఉండాలి తల్లీ.