బాలమ్మ పిలిస్తే నిండిన హాలు

మా వనపర్తి పీజీ కాలేజీలో నెలకోసారి ఊళ్లవాళ్ల కోసం ఉపన్యాసం పెడతాం. 'అందరూ ఆహ్వానితులే' అని పోస్టర్లు అంటించేది నేనే. కిందటి రెండుసార్లూ వచ్చింది మా స్టాఫ్ మాత్రమే. ఈసారి వేరుశనగ తెగుళ్ల మీద మాట్లాడటానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వస్తున్నారు. ఆవిడకు ఖాళీ కుర్చీలు చూపించాలా అని వారం నుంచి నాకు ఒకటే బెంగ.

మా అటెండర్ బాలమ్మది పెద్దమందడి. "కాయితం అంటిస్తే ఎవరొస్తరు సార్? ఇంటికి పోయి బొట్టు పెట్టి చెప్పాలె" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆమె ఊరుకోలేదు. ఈ రోజు ఆటోలు ఆటోలుగా ఆడవాళ్లు దిగారు. చాలామంది చేతుల్లో వేళ్లతో సహా పీకిన తెగులు మొక్కలు! మేడం స్లైడ్లు పక్కన పెట్టేసి, ఆ మొక్కలే చూపిస్తూ రెండు గంటలు మాట్లాడారు.

అయిపోయాక ఒక్కరూ లేవలేదు. ఏమైందని అడిగితే ముందు వరసలో పెద్దామె అంది: "బొట్టు పెట్టి పిలిచి ఉత్త చేతుల్తోని పంపుతరా సార్?"

నిజమే కదా! ప్రిన్సిపాల్ గారే స్వయంగా స్కూటర్ మీద బజారుకు పరుగెత్తి ఆకులు, వక్కలు, అరటిపళ్లు తెచ్చారు. మేడం ఒక్కొక్కరికీ తన చేత్తో తాంబూలం ఇచ్చారు.

వచ్చే నెల ఫిజిక్స్ వాళ్లు నక్షత్రాల మీద ఉపన్యాసం పెడుతున్నారు. ఆ లెక్చరర్ సాయంత్రమే కుంకుమ భరిణె కొనుక్కొచ్చి బాలమ్మ ముందు నిలబడ్డాడు. మీరూ రండి. పోస్టర్ చాలదంటే అడ్రస్ చెప్పండి, బాలమ్మను పంపిస్తాను.