లప్పం పెట్టిన పడవ

అక్కకు షుగరు కళ్ళలోకి ఎక్కిందని తెలిసిన నెలలోనే నేను పులికాట్‌లో ఒక పాత తెరచాప పడవ కొన్నాను. రెండింటికీ సంబంధం లేదని ఇంట్లో చెప్పాను. ఉంది.

అక్కకు పెళ్ళయిన కొత్తలో బావ ఇంటివాళ్ళతో కలిసి అందరం పులికాట్ చూడబోయాము. పడవలో ఒకరికి చోటు చాలలేదు. "మా చెల్లికి నీళ్ళంటే భయం, అది గట్టునే ఉంటాదిలే" అంది అక్క. నాకు నీళ్ళంటే భయం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా టిఫిన్ క్యారియర్లకు కాపలా కూర్చున్నాను. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళు చూసిన పక్షుల గురించే ఇంట్లో మాటలు. నేనేం చూశానో ఎవరూ అడగలేదు. అక్క ఆ మాట మరిచిపోయి ఉంటుంది. నేను మరవలేదు.

నా పడవలో నేను పోవాలి, అక్క గట్టున కూర్చుని చూడాలి. కావలసింది అంతే. చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు కళ్ళ డాక్టరు.

పడవ అమ్మినాయన ఇంజను బోటుకు మారిపోయి, దీన్ని ఇసుకలో బోర్లించి మీద వలలు ఆరేసుకునేవాడు. తెర కట్టి నడపడానికి తనే వస్తానన్నాడు. "ఈడనే బాగు చేయించుకోమ్మా" అని పక్కవాడి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మినీ లారీ మాట్లాడి పడవను తిరుత్తణికి తెచ్చుకున్నాను.

మా వీధిలో తలుపులు, కిటికీలు చేసే ఆసారిని పిలిచాను. పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అన్నాడు:

"ఇది గూడా తలుపే గదక్కా. పండుకోబెట్టిన తలుపు."

"నీళ్ళు కారకూడదు."

"కట్టె బాగా ఎండల్ల. పచ్చి ఉంటేనే తంటా."

తలుపులకు అది నిజమే. నడివేసవి కత్తెర ఎండలన్నీ పోయేదాకా పడవను వాకిట్లో ఎండబెట్టాము. పలకల మధ్య వేలు దూరేంత సందులు పడ్డాయి. సందుల్లో ఉన్న పాత పత్తిని, గుగ్గిలాన్ని ఆసారి గీకి పారేశాడు. గట్టి లప్పం కూరి, గరుకు ఉప్పు కాగితంతో రుద్ది, రంగు వేశాడు. చెయ్యి పెడితే ఎక్కడ అతుకో తెలియలేదు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. కలగలేదు. లోపలికి పోయి కుక్కరు పెట్టాను.

తిరువళ్ళూరు నుంచి అక్క ఫోన్ చేసింది.

"ఏం మే, పడవ కొనుక్కున్నావంట? ఇంట్లో బాయి గూడా లేదు గదా నీకు!"

"పులికాట్‌లో దింపుతా. చూడను వస్తావా?"

"పిలిస్తే రానా? బిర్నా పిలువు. సీరియల్లో ఏడ్చేది అత్తో కోడలో తెలీలేదు నాకు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

ముందు ఒక రోజు నీళ్ళలో పెట్టి చూద్దామని అక్కకు చెప్పకుండా పడవను పులికాట్‌కు తీసుకుపోయాను. లారీ దిగుతుండగానే గట్టు మీద ఎవరో అన్నారు: "తిరుత్తణికి పోయి మొక్కు కావడి మాదిరి సింగారించుకోని వచ్చిందిరా!" ఆ ముఖం గుర్తు పెట్టుకున్నాను.

ఎండిన కట్టె నీళ్ళు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేదు. సందుల నిండా లప్పం రాయిలా బిగుసుకుని ఉంది. మరునాటికి లప్పం పెచ్చులుగా ఊడి, ఒక పలక నిలువునా చీలింది.

"యాడన్నా పడవను ఎండబెడతారామ్మా?" అన్నాడు పడవ అమ్మినాయన.

"నువ్వు చెప్పలేదు."

"ఈడనే చేయించుకోమని చెప్పినానే."

"ఎందుకో చెప్పలేదు."

ఇప్పటికీ నా మాట అదే. ఆసారికి ఫోన్ చేస్తే, "మనం చేసిన తలుపులు యావీ నీళ్ళలో పెట్టలేదు గదక్కా" అన్నాడు.

అక్కడి పడవలవాళ్ళతోనే చీలిన పలక మార్పించి, లప్పమంతా తీయించి, మళ్ళీ పత్తి, గుగ్గిలం పెట్టించాను. కట్టె నిదానంగా ఉబ్బి సందులు మూసుకోవాలంటే పడవను గట్టు దగ్గరే ముంచి ఉంచాలన్నారు. ముంచాము. అప్పుడప్పుడు బస్సులు మారి వచ్చి చూసేదాన్ని. నీళ్ళ పైన అంచు మాత్రం కనబడేది. కాసేపు చూసి మళ్ళీ బస్సెక్కేదాన్ని. బాధ కూడా లేదు.

ఆ మధ్యలో అక్క ఫోన్ చేయడం మానేసింది. ఫోన్లో అంకెలు కనబడటం లేదని ఆమె కోడలు చెప్పింది.

వానలు వెనకబట్టాక పడవను పైకి తీసి నీళ్ళు తోడారు. కారడం ఆగింది. అక్కను కారులో తెచ్చాను. దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. గట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టి నేను పడవెక్కాను. అమ్మినాయన తెర ఎత్తాడు. గాలి పట్టింది. పడవ ఏ చప్పుడూ లేకుండా ఉత్తరానికి పోయింది.

నీళ్ళ మధ్యకు పోయాక వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. అక్క ముఖం దూరంగా ఉన్న రోడ్డు వంతెన వైపు ఉంది. అటు బస్సు తప్ప ఏమీ పోవడం లేదు.

"కేకేయమంటారామ్మా?" అన్నాడు అమ్మినాయన.

వద్దన్నాను.

తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"చూసినావా?"

"చూసినా మే. ఏం పోయినావు! రాణి మాదిరి."

"యాడి దాకా పోయినా?"

అక్క కొంచెం ఆలోచించి చెయ్యెత్తి దక్షిణం వైపు చూపించింది. అటు నీళ్ళలో పాతిన వల కర్రల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"అదో, ఆడి దాకా."

"అవును. ఆడి దాకానే" అన్నాను.

ఆమె చెయ్యి ఇంకా దించలేదు. నేనే పట్టుకుని దించాను.