మూడో తరగతికి జొన్నరొట్టె పాఠం

పద్మారావు నగర్‌లోని ఒక బడిలో మూడో తరగతి పిల్లలకు ప్రపంచ ఆహారాలు బోధించే మహద్భాగ్యం నాకు ఇరవై మూడో ఏట దక్కింది. ఏ నేల ఏది పండిస్తే అక్కడి మనుషులు అదే తింటారు. పాఠం మొత్తం ఇంతే. ఇంత సులువైన ప్రపంచాన్ని ఒక అట్ట మీద గీసి గోడకు తగిలించాను. చైనా మీద నిజం బియ్యం అతికించాను, పంజాబు మీద గోధుమలు, మన దక్కను మీద జొన్నలు. రెండో రోజుకల్లా చైనాను చీమలు మోసుకుపోయాయి. మళ్ళీ అతికించాను.

పాఠం ప్రకారం సముద్రం ఒడ్డువాళ్ళు చేపలు తింటారు. నేను పుట్టింది బందరులో. చేప వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారన్నారు. నా ఉద్యోగం పర్మినెంటు కావడం ఆయన నోటిమాట మీదే ఉందని హెడ్‌మాస్టరు గారు రోజుకోసారి గుర్తుచేసేవారు, ఎక్కడ మరిచిపోయి సుఖంగా ఉంటానో అని. మా బడిలో తనిఖీకి ఒక ఆనవాయితీ ఉండేది. ప్రశ్న అడగగానే పిల్లలందరూ చేయి ఎత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచేయి, రానివాళ్ళు ఎడమచేయి. మేము కుడిచేయి ఎత్తినవాళ్ళనే లేపి అడిగేవాళ్ళం. చూసేవాళ్ళకు తరగతి నిండా మేధావులే.

ముందురోజు రిహార్సల్ చేయిస్తూ, "మనం దక్కనులో ఉన్నాం కదా, ఏం తింటాం?" అని అడిగాను. అందరికంటే ముందు ఒక లాలాగూడ పిల్ల కుడిచేయి లేచింది. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో కూలీ. ఏ ప్రశ్నయినా సరే, నేను అడగడం పూర్తికాకముందే లేచే చేయి అది.

"అన్నం టీచర్!"

"కాదమ్మా, జొన్నరొట్టె. అట్ట చూడు."

"మా ఇంట్ల అన్నమే టీచర్. రేషన్ దుకాణంల బియ్యమే ఇస్తున్రు, జొన్నలు ఇస్తలేరు. రొట్టెలు ఊర్ల మా అవ్వ చేస్తది, గంతే."

ప్రపంచపటంలో రేషన్ దుకాణం ఎక్కడ అతికించాలో నాకెవరూ నేర్పలేదు. ఆ పిల్ల చెప్పింది నిజమేనని తెలుసు. కానీ నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"రేపు ఈ ప్రశ్నకు నువ్వు ఎడమచేయి ఎత్తు," అన్నాను.

"నాకు ఎరుకనే గద టీచర్?"

"ఎత్తమన్నానా లేదా?"

మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారి ముందు నేను ఆ ప్రశ్న అడగగానే అన్ని చేతులూ లేచాయి. ఆ పిల్ల నేను చెప్పినట్టే ఎడమచేయి ఎత్తింది. ఇంట్లో ఇడ్లీలే తప్ప జొన్నరొట్టె మొహం ఎన్నడూ చూడని ఒక పిల్లవాడిని లేపితే, "జొన్నరొట్టె సార్!" అని గంట కొట్టినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ గారు మురిసిపోయి, దక్కను ఆహారం గురించి నాలుగు మంచిమాటలు చెప్పి, ఆఫీసు గదిలో బిర్యానీ తిని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండానే నా ఉద్యోగం పర్మినెంటు అయింది.

తరగతిలో లడ్డూలు పంచి, తరువాతి పాఠం, రైళ్ళ గురించి, మొదలుపెట్టాను. నాకు లోపల సిగ్గుగానే ఉంది. అందుకే ఆ పిల్ల కోసమే ఒక ప్రశ్న ఏరికోరి అడిగాను.

"రైలు పెట్టెలు పాడైతే మన దగ్గర ఎక్కడ బాగుచేస్తారు?"

ఆ పిల్ల నా మొహంకేసి చూస్తూనే, కుడిచేయి బల్ల మీదే ఉంచి, ఎడమచేయి ఎత్తింది.